ఆది చొక్కా

నోట్లో గుండుసూదులు పెట్టుకున్నవాడితో వాదించి గెలిచిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. ఈ రహస్యాన్ని బొత్తాం కుర్రతనంలోనే కనిపెట్టాడు. అప్పట్నుంచీ దాని మీదే బతుకుతున్నాడు.

బొత్తాం ఆ ఊరి టైలరు. పొట్టిగా, గుండ్రంగా, మధ్యలో రెండు చిన్న కళ్ళతో ఉంటాడని ఊరు ఆ పేరు పెట్టేసింది. కట్టుకున్న భార్య కూడా కోపమొస్తే అదే పేరుతో పిలుస్తుంది. కోపం రోజూ వస్తుంది కాబట్టి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

కొండల మీద యుద్ధం ఎప్పుడు మొదలైందో కూడా ఊరు మర్చిపోయింది. సర్కారు మీద తుపాకీ ఎత్తి పైకెక్కినవాళ్ళు కిందికి దిగరు. సర్కారు ఎక్కి వాళ్ళని పట్టుకోలేదు. ఈ ఇద్దరి మధ్యా వంతెనలూ, కరెంటు స్తంభాలూ, మనుషులూ కూలిపోతుంటారు. ఇప్పుడేమో సర్కారు వాళ్ళని పిలిచి మాట్లాడుతుందట. మాట్లాడొచ్చా, కూడదా? ఊళ్ళో ఏ కుర్చీ దగ్గరకెళ్ళినా ఇదే గోల.

"తుపాకీ పట్టినవాడికి కుర్చీ వేశావనుకో, రేపు కుర్చీ కావాల్సిన ప్రతివాడూ తుపాకీ పడతాడు. అవునా, కాదా?" అన్నాడు మాజీ మిలటరీ పెద్దాయన, నడుం కొలత ఇస్తూ.

"ఊఁ" అన్నాడు బొత్తాం, సూదుల సందులోంచి.

మర్నాడు లెక్కల మాస్టారు వచ్చాడు. "ఇన్నేళ్ళు కాల్చుకుని ఏం బావుకున్నారయ్యా? మాట్లాడకుండా ఏ గొడవ ఆగింది? మా ఆవిడతో పంతం పట్టి మాట మానేస్తే, నాకే అన్నం దిగలేదు. అవునా, కాదా?"

"ఊఁ" అన్నాడు బొత్తాం. అదే ఊఁ. ఒక్క పోగు తేడా లేదు.

ఒకరోజు ఇద్దరూ ఒకేసారి తగులుకున్నారు. "ఇవాళ తేల్చాల్సిందే. నువ్వెవరి వైపు?" అని పట్టుకున్నారు. బొత్తాం కళ్ళు తేలేశాడు. మూల కూర్చుని కాజాలు కుట్టే ముసలాయన, అందరికీ కాజాల తాత, అతన్ని కాపాడాడు.

"మావాడు సూది వైపు బాబూ. ఇటు గుచ్చుతుంది, అటు తేలుతుంది. మళ్ళీ అటు గుచ్చుతుంది, ఇటు తేలుతుంది. ఏ వైపు అని అడిగితే సూదేం చెప్తుంది?"

అందరూ నవ్వారు. బొత్తాం నవ్వలేదు. ఎందుకంటే ఇంట్లో అక్క ఉంది.

అక్క మొగుడు కరెంటు లైన్‌మన్. బొత్తానికి బావే కాదు, వరసకి మించిన స్నేహితుడు. ఇద్దరూ కలిస్తే ఆ వీధిలో ఎవరి సైకిలు గాలీ నిలిచేది కాదు. ఆరేళ్ళ కిందట కొండదారిలో తీగలు తెగితే బాగుచేసి వస్తానని వెళ్ళాడు. జీపు దొరికింది, నిచ్చెన దొరికింది. మనిషి దొరకలేదు. సర్కారు 'కనిపించుట లేదు' అంది. కొండమీదివాళ్ళు 'మాకు తెలీదు' అన్నారు. మూటాముల్లె సర్దుకుని తమ్ముడింటికి వచ్చేసిన అక్క మాత్రం, "చంపేశారు. ఇక దాని గురించి మాట్లాడకండి" అంది. తను మాత్రం మాట్లాడింది. తనలాంటి ఆడవాళ్ళందర్నీ పోగేసింది. చర్చలని కబురు రాగానే, అవి జరగబోయే సర్కారు గెస్ట్‌హౌసు ముందు అట్టలు పట్టుకుని నిలబడింది. 'హంతకులతో మాటలా?' అని రోజూ అరిచి, గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చేది.

సరిగ్గా అప్పుడే గెస్ట్‌హౌసు ఆఫీసరు బొత్తాం కొట్టుకి వచ్చాడు. చేతిలో తెల్ల గుడ్డ తాను, వెనకాల జవాను నెత్తిన ఒక సంచి.

"సోమవారానికి పది చొక్కాలు కావాలి" అన్నాడు ఆఫీసరు, చెమట తుడుచుకుంటూ. "వాళ్ళేమో యూనిఫాంలో వస్తామన్నారు. ఆ యూనిఫాం పక్కన కూర్చుంటే దాన్ని ఒప్పుకున్నట్టే అని మావాళ్ళు. సరే, మామూలు బట్టల్లో రండయ్యా అంటే, అయితే మీ మిలటరీవాళ్ళూ మామూలు బట్టల్లోనే రావాలని వాళ్ళు. ఏది మామూలు అని మళ్ళీ రభస. చివరికి అందరికీ ఒకే గుడ్డ, ఒకే కత్తిరింపు, తెల్ల చొక్కా. ఫోటోలుంటాయి, మెడ బొత్తాం దాకా పెట్టుకోవాలి. ఇంతవరకూ రావడానికే ఎండాకాలమంతా అయిపోయింది."

"చొక్కాకే ఎండాకాలమైపోతే, ప్యాంటు తేలేసరికి నేనుంటానా సారూ?"

"ప్యాంటు ఎవరిష్టం వాళ్ళది. దాని ఊసెత్తకు, నీకు దణ్ణం పెడతాను."

సర్కారువాళ్ళు వచ్చి కొలతలిచ్చి వెళ్ళారు. కొండమీదివాళ్ళు ఎలా వస్తారు? అందుకని సంచిలో ఆదులు పంపారు. ఆది అంటే, కొలతకు బదులు ఇచ్చే పాత చొక్కా. 'దీని ప్రకారం కుట్టు' అని పడేసి పోతారు. మనిషి రాకుండా మనిషి ఒడ్డూ పొడుగూ వచ్చేస్తాయన్నమాట.

ఆఫీసరు వెళ్ళాక బొత్తాం ఒక్కొక్కటే బల్ల మీద పరిచాడు. నాలుగు చూశాడు. అయిదోది పరిచి, చెయ్యి అలాగే ఉంచేశాడు.

నీలం చొక్కా. వెలిసిపోయి బూడిదరంగుకి దగ్గరపడింది. ఎడమవైపు లోపల, గుండె పక్కన, సన్నగా పొడుగ్గా ఒక జేబు.

ఆ జేబు అతను కుట్టిందే. బావ టెస్టరు పై జేబులో పెట్టుకుంటే, స్తంభమెక్కి వంగినప్పుడల్లా జారి పడేది. ఒకసారి కింద నిలబడి వెక్కిరిస్తున్న బొత్తాం నెత్తినే పడింది. ఆ బొప్పి అణగకముందే, "నీ చొక్కాలన్నిటికీ లోపల జేబు కుడతాను, నా బుర్రని వదిలెయ్" అని కుట్టిచ్చాడు. ఇలాంటి జేబు ఇంకే టైలరూ కుట్టడు. కుట్టమని ఇంకే పిచ్చివాడూ అడగడు.

"తాతా," అన్నాడు బొత్తాం.

కాజాల తాత వచ్చి చూశాడు, తడిమాడు, కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "కరెంటు బాబుదే" అన్నాడు.

"అంటే బావ ఉన్నాడా?"

"చొక్కా ఉంది."

బొత్తాం చొక్కాని తిరగేసి మరగేసి చూశాడు. కాలరు చిరిగితే విప్పి తిరగేసి కుట్టారు, శుభ్రంగా, చేతికుట్టు. బావకి ఆ పని తెలుసు. తన కొట్లోనే నేర్చుకున్నాడు. అంటే బావే! కానీ కాలరు తిరగేయడం తెలిసినవాళ్ళు లోకంలో కొల్లలు. అంటే బావ కాడు! నడుం దగ్గర రెండు పక్కలా లోపలికి పట్టారు. బావకి పొట్ట ఉండేది, అంటే ఇది ఇంకెవడిదో. కానీ ఆరేళ్ళు కొండల మీద తిరిగితే ఏనుక్కైనా పొట్ట ఉంటుందా? అంటే బావే. చేతులు చూద్దామంటే మోచేతి పైకి కత్తిరించి పారేశారు. "చేతులుంటే పొడుగు తెలిసేది కదరా వెధవా!" అని, తిట్టేది బావనో, బావని చంపినవాణ్ణో తెలియకుండానే తిట్టాడు.

బతికుండి వాళ్ళలో కలిసిపోయాడా? అలాగైతే ఒక్క కబురన్నా పంపడా? చంపి చొక్కా లాక్కున్నారా? లాక్కున్నవాడు సోమవారం బొత్తాం కుట్టిందే వేసుకుని ఫోటోకి నిలబడతాడా?

ఇంటికి తెచ్చి భార్యకి చూపించాడు.

"ముందు వదినకి చెప్పు" అంది.

"సరే."

"ఆగు. చెప్పకు. ఆశపడి, తీరా కాదంటే మనిషి మిగలదు."

"సరే, చెప్పను."

"చెప్పకపోతే రేపు తెలిసి మనల్ని చంపుతుంది."

"ఏదో ఒకటి చెప్పవే తల్లీ! కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం!"

అంతలో వాకిట్లో అక్క చెప్పుల చప్పుడు. బొత్తాం చొక్కాని కుర్చీలో పడేసి దాని మీద కూర్చున్నాడు.

అక్క నినాదం రాసిన ఒక పొడుగాటి గుడ్డ పట్టుకొచ్చింది. "దీనికి రెండు పక్కలా కర్ర దూరేలా మడత కుట్టరా. సోమవారానికి కావాలి." మళ్ళీ చూసి, "ఏంట్రా కోడి గుడ్లు పొదిగినట్టు కూర్చున్నావ్?" అంది.

"నడుం పట్టేసింది."

"పనెక్కువైందా? వాళ్ళకి చొక్కాలు కుడుతున్నావట కదా?"

బొత్తాం కుర్చీకి ఇంకా అతుక్కుపోయాడు. "పదీ ఒకేలాంటివక్కా. ఎవరివేవో నాకేం తెలుసు."

"కుట్టుకో. కడుపుకోసం కుట్టేవాణ్ణి నేనేం అనను. సోమవారం మేం గేటుకి అడ్డంగా కూర్చుంటున్నాం. ఆఫీసర్ల కార్లు లోపలికి పోనివ్వం. మధ్యాహ్నం దాకా చూసి ఎవరూ రాకపోతే కొండమీదివాళ్ళు తిరిగి పోతారట, అది వాళ్ళ షరతు. పోనీ! ఇక మళ్ళీ దిగరు."

బొత్తాం కుర్చీలో కదిలాడు. "అక్కా, ఒకవేళ... మాట్లాడితే, బావ సంగతి అడగొచ్చు కదా?"

"అడిగితే చెప్తారా? చెప్తే నువ్వు నమ్ముతావా?" అక్క గొంతు తగ్గింది. "చచ్చిపోయాడంటే, శవమేదిరా అంటాను. ఉన్నాడంటే, మరి ఎందుకు రాలేదురా అంటాను. రెండిట్లో ఏదీ వినలేను. ఎంతో కష్టపడి ఆయన్ని చంపుకున్నాన్రా తమ్ముడూ. మళ్ళీ బతికించకు."

అలా అని గుడ్డ బల్ల మీద పెట్టి లోపలికెళ్ళిపోయింది. బొత్తాం లేచాడు. చొక్కా వేడిగా ఉంది. తన ఒంటి వేడే అని తెలిసినా, చల్లారేదాకా మడత పెట్టలేకపోయాడు.

బొత్తాం బుర్రకి చదువు అంటలేదుగానీ, కొంటెపని మాత్రం అడక్కుండానే పుడుతుంది. ఆ మర్నాడు కత్తిరింపు బల్ల దగ్గర పుట్టింది.

"తాతా, కుట్టిన చొక్కా పట్టకపోతే ఏం చేస్తారు?"

"టైలర్ని తిడతారు."

"తిట్టడానికి?"

"పిలుస్తారు."

"అదీ! నీలం ఆది వాడి చొక్కాకి కాలరు బిగించేస్తాను. మెడ బొత్తాం పెడితే గుడ్లు బయటికి రావాలి. ఫోటోలున్నాయి, పెట్టి తీరాలి. నన్ను పిలుస్తారు. టేపు పట్టుకుని వాడి ఎదురుగా నిలబడతాను. బావైతే కావలించుకుంటాను. కాకపోతే..."

"కాకపోతే?"

కాకపోతే ఏం చేస్తాడో బొత్తానికి తెలీదు. కత్తెర వైపు చూశాడు. ఆ చూపు తనకే నచ్చక కత్తెరని సొరుగులో పెట్టేశాడు. తర్వాత కత్తిరించాలి కాబట్టి మళ్ళీ తీశాడు.

కాలరు బాగా తగ్గించి కుట్టాడు. లోపలి జేబు కూడా కుట్టాడు. వేసుకున్నది బావే అయితే చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. మిగతా నాలుగూ ఆది ప్రకారం, నూలుపోగు తేడా లేకుండా కుట్టాడు. ఆదులు తిరిగిచ్చేటప్పుడు నీలం చొక్కా మాత్రం దాచుకుని, "సరిచూసుకోడానికి ఉంచుకున్నాను సారూ" అన్నాడు. ఆఫీసరుకి వంద తలనొప్పులు, పట్టించుకోలేదు.

సోమవారం పొద్దున్నే అక్క వాళ్ళు గేటుకి అడ్డంగా బల్ల వేసుకుని కూర్చున్నారు. చుట్టూ పోలీసులు. కొండమీదివాళ్ళని తెల్లవారకముందే, కారు పట్టని వెనక సందులోంచి నడిపించి లోపలికి చేర్చారట. సర్కారు కార్లు వీధి చివర ఆగి హారన్లు కొడుతున్నాయి. బొత్తాం ఎదురు టీకొట్లో కూర్చుని, పిలుపు కోసం మెడ సాగదీసి చూస్తున్నాడు.

జవాను పరిగెత్తుకొచ్చాడు. "నువ్వేనా టైలరు? కొంప మునిగింది, రా!"

'పడింది చేప' అనుకున్నాడు బొత్తాం.

గేటు దగ్గర అక్క కాళ్ళు ముడిచి దారిచ్చింది. "పోరా, వాళ్ళకి బొత్తాలు కుట్టి రా" అంది వెటకారంగా. తమ్ముడు తలెత్తలేదు.

లోపల గదిలోకి వెళ్ళి చూస్తే బొత్తానికి మతి పోయింది. ఒక్క చొక్కా కాదు, నాలుగు చొక్కాలు పట్టలేదు! భారీ మనిషి ఒకాయన, మీసాలు చెవుల దాకా ఉన్నాయి, పొట్ట దగ్గర చొక్కా కిటికీలా తెరుచుకుని నిలబడ్డాడు. బక్కపలచటి ఇంకొకాయన చేతులు చొక్కా చేతుల్లోనే మాయమయ్యాయి. మిగిలిన ఇద్దరూ పొలంలో దిష్టిబొమ్మల్లా ఉన్నారు.

"ఇది కావాలని చేసిన అవమానం!" మీసాలాయన గర్జించాడు. "మమ్మల్ని కోతుల్ని చేసి ఫోటోలు తీయడానికి పిలిచారా? మేం పోతున్నాం."

ఆఫీసరు బొత్తాం చొక్కా పట్టుకున్నాడు. "ఎవరు చేయించారు నీతో? చర్చలు వద్దనేవాళ్ళా? మీ అక్కా?"

"మా అక్కకి ఏం తెలీదు సారూ! ఆది కంటే పోగు తేడా లేదు, ఒక్కదాంట్లో తప్ప..." అని నాలిక్కరుచుకున్నాడు. గబగబా మీసాలాయన వైపు తిరిగాడు. "అయ్యా, ఆ ఆది మీదేనా?"

మీసాలాయన పక్కవాళ్ళ వైపు చూశాడు. పక్కవాళ్ళు నేల వైపు చూశారు.

"ఉతికి ఆరేసినవాటిలో చిరగనివి చూసి పంపాం" అన్నాడు బక్కాయన. "మాలో నీ చొక్కా నా చొక్కా అని ఉండదు. అన్నీ అందరివీ."

"సిద్ధాంతం బాగుందన్నా. కానీ పొట్టలు ఎవరివి వాళ్ళవే కదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరని చూస్తే మీసాలాయనే. నవ్వితే ఉన్న ఒక్క బొత్తామూ తెగి ఆఫీసరు బూటు దగ్గర పడింది. దాంతో ఆఫీసరుకి కూడా ఆగలేదు. బొత్తాం మాత్రం నవ్వలేకపోయాడు. అన్నీ అందరివీ అయితే, నీలం చొక్కా ఎవరిది? బావ ఇక్కడున్నా అది వేసుకున్నది బావ కాకపోవచ్చు. ఎదురుగా ఉన్న నలుగురి మొహాలూ వెతికాడు. ఎవరూ బావ కాదు.

"మరి నాది బాగుందే" అన్నారెవరో కిటికీ దగ్గర్నుంచి.

నడివయసు ఆడమనిషి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. కళ్ళద్దాల కాడ విరిగితే దారం చుట్టుకుంది. తెల్ల చొక్కా మెడ బొత్తాం దాకా పెట్టుకుని, అచ్చు గుద్దినట్టు ఉంది. "ఈ మధ్య కాలంలో ఇంత కుదిరిన చొక్కా వేసుకోలేదు. పాతదానికి కాలరు వదులు. నువ్వే సరిచేసినట్టున్నావ్" అంది.

తను చేసిన ఒకే ఒక్క దగా అందరికంటే అందంగా కుదిరింది. నిజాయితీగా కుట్టిన నాలుగూ కంపయ్యాయి. బొత్తాం తల తిరిగిపోయింది. నడుం దగ్గర పట్టిన కుట్టు చూసి పొట్ట తగ్గిన బావ అనుకున్నాడేగానీ, ఆడమనిషి అయ్యుండొచ్చని టైలరై ఉండి తట్టలేదు. వెతికినవాడికి వెతికిందే కనపడుతుంది మరి.

ఆవిడ చొక్కా లోపలికి చెయ్యి పెట్టి పెన్ను తీసింది. "ఈ జేబు భలే ఉంటుంది. పాతదాంట్లోనూ ఉండేది."

బొత్తాం మీసాలాయన చొక్కా కుట్లు విప్పుతున్నట్టు నటిస్తూ అడిగాడు. "ఆ పాతది ఎక్కడిదమ్మా? ఆ కాలరు తిరగేసింది..."

"నేనే. నడుం పట్టిందీ నేనే. నాకు ముందు ఇంకొకావిడ వేసుకునేది. ఆవిడ చనిపోయింది. ఆవిడకి ముందు ఎవరిదో."

"ఎవరిదో తెలీదా?"

ఆవిడ కుట్టు విప్పడం ఆపేసిన బొత్తాం చేతుల వైపు చూసింది. పెన్ను మూత పెట్టింది. "తూర్పు వైపు శిబిరంలో కరెంటు పని తెలిసినాయన ఒకాయన ఉండేవాడనీ, ఆ చొక్కా అక్కణ్ణుంచి వచ్చిందనీ ఆవిడ ఒకసారి అంది. నేను ఆ వైపు వెళ్ళలేదు. ఆయన్ని చూడలేదు."

"ఆయనే వచ్చాడా? ఎత్తుకొచ్చారా?"

"తెలీదయ్యా."

"ఉన్నాడా?"

"తెలీదని చెప్తున్నాగా. ఎవరాయన?"

"మా బావ." ఆ మాట అనగానే బొత్తానికి కోపం తన్నుకొచ్చింది. ఇంత నెమ్మదిగా మాట్లాడే మనిషి, అమ్మలాంటి మనిషి. ఈవిడ తాలూకువాళ్ళే కదా ఆ తీగలు తెంపింది! సూదితో పొడవాలో, చేతులు పట్టుకుని బతిమాలాలో తెలియలేదు. పొడిస్తే సమాధానం రాదు. బతిమాలితే అక్క మొహం ఎలా చూడాలి? "అడిగి చెప్తారా?" అన్నాడు చివరికి. అది బతిమాలడమో, బెదిరించడమో అతనికే తేలలేదు.

ఆవిడ మీసాలాయన వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూశాడు.

"తిరిగి వెళ్ళాక అడుగుతాను. మళ్ళీ వస్తే చెప్తాను. ఇవాళ మాటలు మొదలైతేనే కదా మళ్ళీ రావడం" అంది. కిటికీలోంచి నినాదాలు వినపడుతున్నాయి. "బయట ఆ పెద్ద గొంతు ఎవరిది? పొద్దుట్నుంచీ ఆగలేదు."

"మా అక్కది" అన్నాడు బొత్తాం.

ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

పొట్టలు వదిలించి, చేతులు మడిచి కుట్టి, బొత్తాం బయటపడేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. ఇంకాసేపట్లో ఆఫీసర్లు లోపలికి రాకపోతే వీళ్ళు వెళ్ళిపోతారు. గేటు దగ్గర అక్క నీళ్ళు తాగుతోంది.

"కుట్టావా?"

"అక్కా, కాస్త ఇటు రా."

"ఇక్కడే చెప్పు. వీళ్ళ దగ్గర దాచేవి నాకేం లేవు."

ఎలా మొదలుపెట్టాలో తెలియక, సంచిలోంచి నీలం చొక్కా తీసి చేతిలో పెట్టేశాడు. పూర్తిగా విప్పకముందే అక్క వేలు లోపలి జేబులోకి వెళ్ళింది. ఏడవలేదు. గోడని పట్టుకున్నట్టు ఆ చొక్కాని పట్టుకుంది.

బొత్తాం అంతా చెప్పాడు. ముందుది వెనకా, వెనకది ముందూ, తన కాలరు వేషంతో సహా.

"ఉన్నాడని చెప్పిందా?"

"లేదు."

"పోయాడని చెప్పిందా?"

"లేదు."

"మరేం చెప్పిందిరా?"

"అడిగి చెప్తానంది. మళ్ళీ వస్తే."

"నమ్ముతున్నావా?"

"తెలీదక్కా. నిజంగా తెలీదు."

"నాకు చెప్పొద్దన్నానా?"

"అన్నావు. మోయలేకపోయాను."

హారన్లు మళ్ళీ మోగాయి. పోలీసులు కదిలారు. ఒకావిడ అడిగింది, "ఏం చేద్దాం? లేచిపోదామా?"

"ఎందుకు లేవాలి?" అంది అక్క. "హంతకులే. అందులో మార్పేం లేదు." అంటూనే లేచింది. బల్ల ఒక చివర పట్టుకుని, "ఆ చివర పట్టు" అంది తమ్ముడితో. ఇద్దరూ ఒక కారు పట్టేంత పక్కకి జరిపారు.

ఆ ఖాళీలోకి ఒక ముసలావిడ వచ్చి కింద కూర్చుంది. ఆవిడ కూతురు వంతెన పేలినప్పుడు బస్సులో ఉంది. "నీకైతే ఒక చొక్కా వచ్చింది" అంది అక్కతో. "నాకేం వస్తుందని నేను దారివ్వాలి?"

బొత్తాం అక్క వైపు చూశాడు. అక్క వెళ్ళి ముసలావిడ పక్కనే నేల మీద కూర్చుంది. కార్లకి ఇప్పుడు ఇద్దరు అడ్డం. ఏం మాట్లాడుకున్నారో హారన్లలో వినపడలేదు. అక్క మాట్లాడింది తక్కువ, తలూపింది ఎక్కువ. ఒకసారి చొక్కా ముసలావిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ దాన్ని మడత పెట్టి తిరిగిచ్చింది.

కాసేపటికి ముసలావిడే నేలకి చెయ్యి ఆనించి లేచింది. "నేనేం దారివ్వట్లేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి" అని అందరికీ వినపడేలా చెప్పి, పక్కకెళ్ళి నిలబడింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అట్టలు నేలకేసి కొట్టి, అక్కని తిట్టుకుంటూ వెళ్ళిపోయారు.

కార్లు లోపలికి వెళ్ళాయి. అవి పక్కనుంచి పోతుంటే అక్క అందరికంటే గట్టిగా అరిచింది, "హంతకులతో మాటలా?" అని. నీలం చొక్కా చంకలో ఉంది.

గేటు మూశాక కూడా ఆపలేదు. అరుపుకీ అరుపుకీ మధ్య, తల తిప్పకుండా అడిగింది. "ఆవిడ ఏ కిటికీ దగ్గర కూర్చుంది?"

బొత్తాం చూపించాడు. అక్క అటు తిరిగి నిలబడి మళ్ళీ అందుకుంది. లోపల మాటలు ఆపడానికి అరుస్తోందో, లోపల ఉన్నావిడ మర్చిపోకూడదని అరుస్తోందో తమ్ముడికి అర్థం కాలేదు.

"నన్నూ అరవమంటావా అక్కా?"

"నీ ఇష్టం."

ఏమని అరవాలో తెలియక, బొత్తాం తను మడత కుట్టిచ్చిన ఆ పొడుగాటి గుడ్డకి దూర్చిన కర్రల్లో ఒకదాన్ని పట్టుకుని పక్కన నిలబడ్డాడు.